బానెట్ మీద పసుపు చెయ్యి

ఆర్మూర్‌లో కారు అలారాలు బిగించే దుకాణం ముందు, ఒక పసుపు రైతు తన సెకండ్‌హ్యాండ్ కారు పక్కన దిగులుగా నిలబడ్డాడు.

"వైరింగు, డోర్లు మంచిగనే ఉన్నయి కాకా. అలారం ఎప్పుడు మొత్తుకుంటది?" అన్నాడు మెకానిక్.

"రోజు పొద్దుగాల. మా ఆమె కల్లంల పసుపు ఆరబోసి ఇంటికొచ్చే యాళ్లకు. పిల్లి దుంకుతున్నదేమో."

"పిల్లి కాదు. గిటు సూడు, బానెట్ మీద పసుపు చెయ్యి. రోజు ఒక్కతాన్నే పడ్డది."

రైతు వంగి చూశాడు. ఆ వేళ్లు ఎవరివో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"గది మా ఆమె చెయ్యే."

"కారునెందుకు కొడుతున్నది?"

"కొట్టుడు కాదు బిడ్డా, తట్టుడు. ఎడ్లను అమ్మి ఈ కారు కొన్నం. అవి ఉన్నప్పుడు కల్లంకెల్లి రాంగనే కొట్టంలకు పోయి, వాటి వీపు తట్టినంకనే ఇంట్లకొచ్చేది. ఇప్పుడు కొట్టంల ఇదున్నది."

"నీకు చెప్పలేదా?"

"అమ్మిన్నాడు ఒక్క మాట గూడ అనలే. మర్సిపోయిందనుకున్న."

మెకానిక్ డ్యాష్‌బోర్డు కింద అలారం సెన్సార్ స్క్రూ తిప్పి, దాని చురుకు కొంచెం తగ్గించాడు.

"గామె ఎంత జోరుగ తడుతదో నువ్వు తట్టి చూపియ్యి."

రైతు ఆ గుర్తు చెరిగిపోకుండా దాని పక్కన తట్టాడు. అలారం మోగింది. మెకానిక్ ఇంకాస్త తిప్పాడు. రైతు మళ్లీ తట్టాడు. కారు గమ్మున ఉంది.

"మరి దొంగ తడితే?"

"దొంగ తట్టడు కాకా, గుంజుతడు. గుంజితే మొత్తుకుంటది."