గ్రహీత తిరస్కరించారు

కాదండీ పార్శిలాఫీసు బాబాయ్ గారూ, తిరస్కరించడమేమిటి? రిపేరుకి పంపిన చెవి మిషన్ కోసం ఆరు వారాల నుంచి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్న మనిషి, తీరా అది గుమ్మంలోకొచ్చాక తిరస్కరిస్తాడా? మా తాతయ్య భోజనమైనా వద్దంటాడేమో గానీ దాన్ని వద్దనడు!

నేను అరవడం లేదండీ. మా ఇంట్లో ఇది మామూలు గొంతు. ఆరు వారాలుగా అలవాటైపోయింది.

ట్రాకింగ్ నంబరా? చూసి చెప్పక్కర్లేదు, నోటికొచ్చు. ముందు రెండక్షరాలు, మధ్యలో తొమ్మిదంకెలు, చివర మళ్ళీ రెండక్షరాలు. నా పుట్టినరోజైనా తడుముకుంటానేమో గానీ ఇది తడుముకోను. మొదటి మూడు రోజులూ రిపేరు బిల్లు మీది నంబరు కొట్టి, 'అటువంటి పార్శిలు లేదు' అని వస్తే కంపెనీవాళ్ళని తిట్టిన మాట నిజమే. బిల్లు నంబరు వేరు, ట్రాకింగ్ నంబరు వేరు అని ఫోన్లో మీరే కదా చెప్పారు! అప్పట్నుంచి క్లాసులో పాఠం మానేసి ఇదే చదువుకుంటున్నాను.

ఒకరోజు 'సమాచారం అందింది' అని వచ్చింది. పార్శిలే అందిందనుకుని తాతయ్యకి కాగితం మీద రాసి చూపించాను. పాపం, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆరా తీస్తే, అందింది మీకు కబురట! వస్తువు ఇంకా కంపెనీవాళ్ళ బల్ల మీదే ఉందట!

తర్వాత 'కేంద్రానికి చేరింది'. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు 'కేంద్రం నుంచి బయల్దేరింది'. ఆ మర్నాడు మళ్ళీ 'కేంద్రానికి చేరింది'. ఏ కేంద్రమండీ? అదే కేంద్రం! గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చిందా ఏమిటి?

నిన్న పొద్దున 'పంపిణీకి బయల్దేరింది' అని చూడగానే క్లాసులో చప్పట్లు కొట్టేశాను. మా మాస్టారు తన పాఠం నచ్చిందనుకుని పొంగిపోయారు. పదకొండూ పదికి ఇదిగో, ఈ ముక్క. 'గ్రహీత తిరస్కరించారు.'

నవ్వకండి. మా తాతయ్య కుట్టుమిషన్ల మెకానిక్. పక్కన స్టూలు వేసుకుని, కళ్ళు మూసుకుని చప్పుడు వింటాడు. మిషన్ విప్పకుండానే 'షటిల్ అరిగింది' అనో 'బెల్టు వదులైంది' అనో చెప్పేస్తాడు. చెవే ఆయన పనిముట్టు. అలాంటిది ఏదో మిషన్‌కి నూనె వేస్తూ వంగితే, చెవి మిషన్ జారి నూనె డబ్బాలో పడింది. తీసి, తుడిచి, పెట్టుకున్నాడు కూడా. అది పని చేయలేదు గానీ చెవి మాత్రం నున్నగా తయారైంది.

ఆ తర్వాత యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపుకి వెళ్ళాడు. ముప్ఫై మిషన్లు చూడాలి. బాగున్నదాన్ని ఊడదీసి, మొరాయిస్తున్నదాని వీపు తట్టి 'బంగారం' అని మెచ్చుకుని వచ్చాడు. ఓనరమ్మ ఆయన్ని ఏమీ అనలేదు. నాకు ఫోన్ చేసింది. సోమవారం మళ్ళీ పంపు, ఈసారీ ఇంతే అయితే వేరే మనిషిని చూసుకుంటాను అంది. నలభై ఏళ్ళ పనండీ.

ఇవాళ శనివారం. మీ వెనక గడియారంలో మూడున్నర. నాలుగింటికి, వెనక్కి పోయే సంచికి సీలు వేసేస్తామని మీరే అన్నారు. అదిగో, పైన ఉన్న ఆ గోధుమరంగు పెట్టె మాదే కదూ? ఆ నంబరు నాదే! చెయ్యి చాపితే అందేలా ఉంది. చాపనులెండి.

అసలు మీ డెలివరీ అన్న మా వీధికే రాలేదని నా అనుమానం. మా మెట్లెక్కడానికి బద్ధకమేసి, కింద నిలబడి ఏదో ఒక బొత్తాం నొక్కేసి ఉంటాడు... ఏమిటి, ఫొటో ఉందా? ఏదీ?

ఊఁ. తలుపు మాదే. ఆ సగం నీలం గోడా మాదే.

పోనీ, నేను తీసుకుంటానంటే చాలదా? మనవరాలినండీ, ముక్కు కూడా ఆయనదే, చూడండి. చాలదా? గ్రహీతే ఫోన్లో చెప్పాలా? అంటే, చెవి మిషన్ కావాలో వద్దో ఫోన్లో విని చెప్పాలన్నమాట! ఎవరండీ ఈ రూలు రాసింది? కాళ్ళెక్కడున్నాయో చూపిస్తే దణ్ణం పెట్టుకుంటాను.

సరే, చెయ్యండి. ఫోన్ వణికితే ఎత్తుతాడు. స్పీకర్లో పెట్టండి. ఎత్తాడు! పార్శిలు తీసుకుంటారా అని అడగండి. గట్టిగా. ఇంకా గట్టిగా!

అయ్యో.

విన్నాను. 'వద్దు బాబూ, మాకేం వద్దు, చల్లగా ఉండు.' పెట్టేశాడు.

అప్పుడే నా ఫోన్ మోగింది చూశారా? 'గ్రహీత మరోసారి తిరస్కరించారు.' తొమ్మిది రోజులు నత్తనడక నడిచి, ఇది మాత్రం అరనిమిషంలో వచ్చిందే!

అలా చూడకండి. చెబుతాను. డెలివరీ అన్న తప్పేం లేదు. నాదే.

చెవి మిషన్ పోయిన కొత్తలో తాతయ్య, ఎవరేమడిగినా 'సరే సరే' అని తలూపేవాడు. వినపడలేదని ఒప్పుకోవడం ఆయనకి నామోషీ. ఒక్క వారంలో ఇంటికి రెండు నీళ్ళ ఫిల్టర్లూ ఒక నిచ్చెనా వచ్చాయి. ఓ సాయంత్రం వచ్చేసరికి ఎవరో నిచ్చెనెక్కి మా గోడకి నీలం రంగు కొడుతున్నారు. మా నిచ్చెనే! సగంలో ఆపించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

అందుకని ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పాను. కొత్తవాళ్ళు ఏమడిగినా సరే, నవ్వుతూ 'వద్దు బాబూ' అనెయ్యి, అంతే. పరీక్ష కూడా పెట్టాను. నిచ్చెనలమ్మేవాణ్ణీ నేనే, రంగులవాణ్ణీ నేనే. పదికి పది మార్కులేశాను. 'చల్లగా ఉండు' మాత్రం ఆయన సొంతం.

ఆగండాగండి! ఆ సంచి మూతి కట్టకండి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మళ్ళీ చెయ్యండి. ప్రశ్న మాత్రం మార్చండి. తీసుకుంటారా అని కాదు, 'వెనక్కి పంపించెయ్యమంటారా' అని అడగండి. రూలు ఒప్పుకోదా? గ్రహీత నోటితో చెప్పాలన్నారు, చెబుతాడు. ఫలానా ప్రశ్నే వెయ్యాలని ఎక్కడుందండీ? ఆ గోడ మీది కాగితం చదవండి. లేదు కదా? నేను వచ్చిన దగ్గర్నుంచీ మూడుసార్లు చదివాను.

మోగుతోంది. ఎత్తాడు. ఊఁ, అడగండి.

'వద్దు బాబూ!'

రాసుకోండి, రాసుకోండి! వెనక్కి వద్దన్నారు గ్రహీత. సంతకం ఎక్కడ, ఇక్కడా? డెలివరీ అన్నని నేను అన్న మాటలన్నీ మీరు మర్చిపోవాలి.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, మీరెలాగూ నన్ను చూసి నవ్వడం మొదలెట్టారు. ఓనరమ్మ అన్న మాట తాతయ్యకి కాగితం మీద రాసి చూపించడానికి నాకు చేతులు రాలేదు. రోజూ ఆయన నూనె గుడ్డలు మడత పెట్టుకుంటుంటే, వెనక నిలబడి నోటితో చెప్పేదాన్ని. తాతయ్యా, నీ పని పోయేలా ఉంది, అని. చెప్పేసినట్టూ ఉండేది, ఆయనకి వినపడనట్టూ ఉండేది.

ఇప్పుడింటికెళ్ళి ఇది ఆయన చెవిలో పెట్టాక, అదే మాట ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఏం చేస్తాం?

ఇవ్వండి, పెట్టె ఇలా ఇవ్వండి.