మావారికి అలవాటు లేదు

సభకు అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంట్ గారికి, నాకన్నా ముందే రిటైరై ఇవాళ నాకోసం ఇన్ని మెట్లెక్కి వచ్చిన పెద్దలకు, ఆపరేషన్లు వాయిదా వేసుకుని కూర్చున్న సర్జన్లకు, తలుపు దగ్గరే నిలబడిపోయిన థియేటర్ సిస్టర్లకు నమస్కారం. లోపల కుర్చీలున్నాయి, రండమ్మా, ఇవాళ ఎవరినీ కసురుకోను. (నవ్వులు)

ఇంతసేపూ నా గురించి మంచి మాటలు చెప్పారు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క రోగి కూడా ఇన్ని చెప్పలేదు, ఎందుకంటే మత్తు డాక్టరు ముఖం ఎవరికీ గుర్తుండదు. పది దాకా లెక్కపెట్టమంటే నాలుగుకే నిద్రపోతారు, లేచాక సర్జన్ గారికి దండం పెట్టి ఇంటికెళ్తారు. నాకు కుళ్ళేమీ లేదండీ, ఉన్నా కొంచెమే. (నవ్వులు)

నాకో పద్ధతి ఉండేది. కడుపుకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్‌కు ముందు రోజు, రోగి భార్యను ఏదో కాగితం తెమ్మని బయటికి పంపేసి, సిగరెట్టు తాగుతారా అని కాకుండా, రోజుకు ఎన్ని అని అడిగేదాన్ని. కెమెరాకు చోటు కావాలని కడుపును కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు కదా, అది మెల్లగా రక్తంలోకి చేరుతుంది. మంచి ఊపిరితిత్తులైతే దాన్ని బయటికి తోసేస్తాయి, పొగకు పాడైనవి తోయలేవు. పైగా మా తెర మీద కనిపించేది ఊపిరిలో కొలిచిన అంకె. పొగ తాగేవాళ్ళలో రక్తంలో ఎక్కువున్నా అది తక్కువే చూపించొచ్చు. ఈ పాఠం పాతికేళ్ళు చెప్పాను.

అలాంటిదాన్ని నేనేం చేశానో వినండి. మావారికి పిత్తాశయంలో రాళ్ళు తీయాల్సి వచ్చినప్పుడు, ఇదిగో ముందు వరసలో ఉన్న మా విభాగాధిపతి, అప్పటికి నా దగ్గర కొత్తగా చేరాడు, ఇప్పుడు గారు అనాలి, ఫారం పట్టుకొచ్చి ఆ ప్రశ్నే అడిగారు. నన్ను బయటికి పంపే ధైర్యం ఆయనకెక్కడిది? మావారు నోరు తెరిచేలోపే నేనందుకున్నాను. "ఆయనకా? ఆ వాసనే పడదు. లేదని రాసెయ్." మావారు నా వైపు చూసి, ఫారం మీద సంతకం పెట్టేశారు.

థియేటర్‌లో తెర మీద కార్బన్ డయాక్సైడ్ ముప్పై ఎనిమిది, ఉండాల్సినంతే ఉంది. నేను నిశ్చింతగా నిలబడ్డాను. ఆక్సిజన్ కొద్దికొద్దిగా తగ్గుతోందని ఈ విభాగాధిపతి గారికే అనుమానం వచ్చి, మణికట్టు దగ్గర రక్తం తీసి పరీక్షకు పంపారు. రక్తంలో యాభై ఎనిమిది, నలభై ఐదు దాటకూడనిది. సర్జన్ గారు మారుమాట లేకుండా గ్యాసంతా వదిలేసి, రక్తంలో ఆ అంకె దిగేదాకా ఆగి, తక్కువ ఒత్తిడితో మిగతా పని ముగించారు. మావారు బతికారు. మత్తు డాక్టరే తెలియకుండా తప్పు రాయించిందని వీళ్ళిద్దరూ ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు. అందుకే నేనే చెబుతున్నాను.

రెండో రోజు ఆక్సిజన్ మాస్కు తీశాక, సిగరెట్లు ఎన్నాళ్ళ నుంచని అడిగాను. పద్నాలుగేళ్ళన్నారు, నేను సాయంత్రం డ్యూటీలకు వెళ్ళినప్పుడల్లా, వెనక మెట్ల మీద కూర్చుని. నాతో చెప్పొచ్చు కదా అన్నాను.

"నువ్వెప్పుడడిగావు?" అన్నారు, కోపం లేకుండానే. "ఇల్లంతా ఖాళీగా ఉండేది. ఏం తోచేది కాదు."

ఆయన ఆ రోజుతో సిగరెట్లు మానేశారు. నేను సాయంత్రం డ్యూటీలు మానలేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది, ఆ ఇల్లు ఎంత ఖాళీగా ఉంటుందో నాకిప్పుడు తెలుస్తోంది. తాళం తీశాక కూడా కాసేపు గుమ్మంలోనే నిలబడుతున్నాను.

పిల్లలూ, రోగి మీ ఇంటి మనిషైనా సరే, ఆయన్నే అడగండి, ఆయన జవాబు చెప్పేదాకా ఆగండి. నన్ను ఇన్నాళ్ళు భరించినందుకు, ఇంత ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. రేపు సాయంత్రం నాకు డ్యూటీ లేదు. ఆ మాట వినాల్సిన మనిషి లేరు. సెలవు.