ఉర్లగడ్డ ముక్క కింద

మైమూన్ బీ. అప్పటికి నలభై దాటింటాది. ఆకు యాడ కనపడినా తిప్పి ఎనకపక్క సూసేది. నీ కుండీలో ఆకు నేను తిప్పితే నవ్వుతాండావే శ్రుతీ, ఆ అలవాటు ఆయమ్మదే. పెండ్లిలో తమలపాకు ఇచ్చినా తిప్పి సూసినాకనే నోట్లో పెట్టేది. పుంగనూరు బస్టాండు ఎనక పురుగుమందుల అంగడి ఆమెది. మొగుడు అలావుద్దీన్ పోయినాక ఆమే కూసునింది. ఆడదాని చేతి మందుకు పురుగు సస్తాదా అని సదుం రైతులు నవ్వినారు. పురుగు సచ్చినాక నవ్వు ఆపినారులే.

ఆ, ఏం చెప్తాంటి? నీ కుండీలో ఉండే ఈ సెట్టే. పాయిన్‌సెట్టియా అంట. మాకు నోరు తిరక్క ఎర్రాకు సెట్టు అంటాంటిమి. తొంభై తొమ్మిదిలో దేవరాజులు కుప్పం పక్క ఈ సెట్లు పెంచేది సూసొచ్చి మన ఊరి బయట ప్లాస్టిక్ ఇల్లు వేసినాడు. క్రిస్మస్‌కి బెంగళూరోళ్లు కొంటారని. నేను ఆడ కూలికి పోతాంటి. నవంబరులో, ఎర్రగా తిరగాల్సిన ఆకులు పండుబారి రాలబట్టె. మన్ను తడిగానే ఉండాది, సెట్టు మాత్రం వాడిపాయ. అదేం రోగమో! దేవరాజులు మమ్మల్ని వరసగా నిలబెట్టి, "ఎవుతో ముట్టుతో లోపలికొచ్చింది, ఎవురు?" అనె. పక్కనుండే కమలాక్షి నా తట్టు సూసింది. అంతే. "ఇందిరా, ఫో. ఇంగ రావద్దు." ఊరంతా చెప్పినాడు. టమోటా తోటలకు గూడా నన్ను పిలిచేవాళ్లు లేకపాయ. ఇద్దరు బిడ్లు, ఒంటిదాన్ని. పొయ్యి ఎట్ల ఎలగాల, చెప్పు?

ఆయప్ప గట్టి మందుకని పుంగనూరుకు పోతే, సెట్టు సూడంది ఇయ్యనని మైమూన్ బీనే బస్సెక్కి వచ్చింది. గేటు కాడ నేను ఏడుస్తా కూసోనుంటే, "యాల ఏడుస్తాండావు?" అనింది. చెప్తి. "లే, నా సంచి పట్టుకో" అని లోపలికి పిల్చుకపోయింది. దేవరాజులు ఎగిరినాడు, "ఇందిర రాగూడదు!" అని. "మరి నన్ను ముట్టా అని అడక్కుండానే రానిస్తివే అప్పా?" అనింది. ఆయప్ప పక్కకు జరిగి దావ ఇడిసె.

ఆకు తిప్పింది. తెల్లదోమ లేదు, ఎర్రనల్లి లేదు. కుండీని తట్టింది. నల్లటి సన్న ఈగలు లేచినాయి. "ఆకులో లేదు, వేర్లో ఉండాది" అని ఉర్లగడ్డ, అదే మీ బంగాళదుంప, కోసి, ముక్కలు మన్నుమింద పరిచింది. పిండాలు పెడతాంది, ఈమె మామకి తద్దినమా అని కమలాక్షి గొణిగింది. మర్నాడు ఆయమ్మ మళ్లా వచ్చి ముక్క తిప్పితే... తెల్లటి పురుగులు, నల్ల తలకాయలు, బిలబిలా. ముక్క ఆయప్ప మూతి కాడ పెట్టి, "ఈళ్లు ఎప్పుడు ముట్టయినారు దేవరాజులప్పా?" అనింది. ఆడోళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కమలాక్షి కొంగు అడ్డం పెట్టేది గూడా మర్చిపోయి పైకే నవ్వె.

పొద్దునా సాయంత్రం నీళ్లు పొయ్యమనింది ఆయప్పే గదా. ఆ తడికే ఈగలు గుడ్లు పెట్టింది. "మందొద్దు, మన్ను ఆరనీ" అనింది. సగానికి పైన సెట్లు తేరుకున్నాయి. పురుగుల మాట ఊరంతా పాకి, వారం తిరక్కముందే నన్ను తోటలకు పిలిచినారు. ఆ పొద్దు ఆయమ్మ నా చేతికి సంచి ఇయ్యకుంటే, నా బిడ్లు ఏం తినింటారో నేను తలుసుకోను.

మళ్లా ఏడాది ఆయప్ప మందుకు పోతే, "ఇందిర ముందర నిలబడి తప్పయిందని చెప్పు, అప్పుడిస్తా" అనిందంట. కూలిదానికా అన్నాడంట. ఇంగ మదనపల్లికి పోయి తెచ్చుకుంటాండె. ఆయమ్మ బతికినన్నాళ్లూ దేవరాజులుకు ఒక్క సీసా అమ్మలేదు.