నెత్తిన మగ్గుడు నీళ్లు

మతి తప్పిన ముసలివాళ్లను చూసుకునే ఇంట్లో, స్నానాల గది గుమ్మం ముందు నా వంతు కోసం కూర్చున్నాను. లోపల పని నేర్పే పెద్దామె ముందు, పెదవి చిట్లిన కొత్త ఆయా ఏడుస్తోంది.

“జుట్టు పట్టుకుని నా తల గోడకేసి బాదాడక్కా! చెయ్యి కొరికాడు. ముసలాడు కాదు, పులి!”

“ఏం చేశావేంటి?”

“వెనక నిలబడి నెత్తిన మగ్గుడు నీళ్లు పోశా, అంతే. రేపట్నుంచి చేతులు కుర్చీకి కట్టేస్తా. ఇదిగో, గుడ్డ తెచ్చుకున్నా.”

“చెప్పి పోశావా?”

“చెప్తే మాత్రం అర్థమవుతుందా? కన్నకూతుర్నే ఎవరే నువ్వంటాడు.”

“సరే, కట్టేద్దువుగాని. ఆ స్టూలు మీద కూర్చో, పెదవి కడుగుతా.”

“మెల్లగా అక్కా, మంట... అమ్మో! నెత్తిన పోశావేంటి? ఊపిరాడక చచ్చా!”

“అబ్బా, నా మూతి!”

“అయ్యయ్యో! కావాలని కొట్టలేదక్కా, చెయ్యి దానంతటదే లేచింది!”

“మతి ఉన్నదానివి, నన్నెరిగినదానివి. నువ్వే నా పన్ను కదిలించావు. పోసేదెవరో, పోసేదేంటో తెలియని మనిషి ఏం చేస్తాడే?”

“నెత్తిన పడేసరికి భయమేసిందక్కా.”

“ఆ గుడ్డ ఇలా తే.”

“ఎందుకక్కా?”

“నెత్తురు తుడుచుకోవద్దూ? నీ చెయ్యి ఆయన చేతికన్నా గట్టిది తల్లీ.”

“మరి స్నానం ఎలా చేయించాలి?”

“ఎదురుగా కూర్చుని, చెప్పి, పాదాల నుంచి మొదలెట్టు. తల ఆఖర్న, తడిబట్టతో.”

“అయినా కొడితే?”

“తప్పుకో. కట్టకు.”

కాసేపటికి ఆ పిల్ల నన్ను పిలిచింది. నేను ముందే పాదాలు చాపి కూర్చున్నాను.