చెన్నయ్య చెవులు

ఏందే నిరోషా, మల్ల చెప్పు? బస్సుల ఎవరన్నరు గా మాట? చెన్నయ్య తాగి సచ్చిండన్నరా? నువ్వు ఇని ఊకున్నవా? గిట్ల కూసో బిడ్డ. ఎవడన్నడో గానికి చెప్పు, మా పరశురాం తాత కలువుమన్నడని. తాగి సచ్చిండట! వాని నోట్ల మన్ను వడ. పెండ్లిళ్ల కల్లు కుండ ముందట వెట్టినా పక్కకు జరిపెటోడు చెన్నయ్య. మొగులమ్మ పెనిమిటి. నువ్వు పుట్టకముందే పాయె, నీకేం ఎరుక.

వాళ్లది గొర్లు కాసే ఇల్లు. పెద్దేముల్ దిక్కు. వాని చెవులు ఎసొంటివంటే, గుట్ట అవుతల గొర్రెపిల్ల తప్పిపోయి సన్నగ అరిస్తె, ఇవుతల నిలవడి, "గదిగో, కంపల ఇరికింది" అంటుండె. పోయి చూస్తె నిజంగనే ఇరికి ఉండేది. కరువుల గొర్లు అమ్ముకున్నంక నాతోని అడివి పనికొచ్చిండు. వికారాబాద్ దిక్కు నీలగిరి తోటలు కొట్టే పని. ముందుగాల గొడ్డలే. ఎన్కసీరి గుత్తేదారు పెట్రోలు రంపం తెచ్చి వీని చేతుల వెట్టిండు. గా మిషన్ సప్పుడు ఎట్లుంటదంటే, బంద్ చేసినంక సుత తలకాయల మోగుతనే ఉంటది. గా మిషన్ అదురుకు కొన్నేండ్లకు వాని వేళ్లు చలికాలం పొద్దుగాల సున్నం పూసినట్టు తెల్లగయ్యేటివి. సూది గుచ్చినా తెల్వది. అంగీ గుండీలు మొగులమ్మనే వెట్టేది, ఆ... అన్నం సుత ఆమెనే కలిపేది. ఇగ చెవులు. పక్కకెల్లి పిలిచినా పలుకకపాయె.

తాండూర్ల డాక్టరమ్మ చూసింది. "లోపలి నరాలు పాడైనయి, పోయింది మల్ల రాదు. ఉన్నదన్న కాపాడుకో. చెవులకు మూతలు లేకుంట మిషన్ ముట్టకు" అన్నది. గీ ముచ్చటే పోయి గుత్తేదారుకు చెప్పిండు పాపం. గాడేమన్నడు? పాన్ నముల్కుంట, "అరే చెన్నా, చెవులు మూసుకుంటె చెట్టు వడే సప్పుడు నీకెట్ల ఇనస్తదిరా?" అని పకపక నవ్విండు. గా నవ్వు యాదికొస్తె ఇయ్యాల్టికీ నాకు ఒళ్లు మండుతది.

ఆ పొద్దు గాలి మస్తుండె. ఈశ్వరని ఇంకొకడు, వాడొక పెద్ద చెట్టు కోస్తున్నడు. అటు వడాల్సింది, గాలికి ఇటు మర్లింది. చెన్నయ్య మిషన్ బంద్ చేసి, మాకు వీపు వెట్టి, కొమ్మలు గుంజుతున్నడు. "చెన్నయ్యా! ఉరుకు!" అని గొంతు పలిగేటట్టు ఒర్రినం. మామూలు మనిషైతే ఇంటడు. వాడు తలకాయ సుత ఎత్తలే. నేను ఉరికిన. నాకన్న ముందు చెట్టే వాని మీద వడ్డది. ట్రాక్టర్ల ఏసుకొని పోతుంటే తొవ్వలనే, నా ఒడిల...

సరే తీయ్. మూడోనాడు గుత్తేదారు ఇంటికొచ్చిండు. కుర్చీ ఏయించుకొని, పదిమంది ముందట, "మేం ఒర్రినం. మనిషి సోయిల ఉంటె తప్పుకోడా? తాగి ఉన్నడు" అన్నడు. మొగులమ్మ ఏడుసుడు ఆపింది. చెన్నయ్య మిషన్ ట్రాక్టర్లనే వచ్చి వాకిట్ల పడి ఉండె. దాన్ని ఈడ్సుకొచ్చి వాని కుర్చీ పక్కకు వెట్టి, "అన్నా, చాలూ చెయ్యి" అన్నది నాతోని. నేను తాడు గుంజిన. వాకిలంత అదిరింది. గుత్తేదారు ఎగిరి లేసి రెండు చేతులతోని చెవులు మూసుకున్నడు. మొగులమ్మ నాకు బంద్ చెయ్యమని చెయ్యి చూపిచ్చింది. "ఎందుకు మూసుకున్నవు సారూ? మా ఆయన పొద్దుమూకుల గీ సప్పుడులనే ఉండె. నీ ఒర్రుడు ఏ చెవితోని ఇనాలె? చెప్పు!"

గాడు చెప్పులేసుకొని పోయిండు, గంతే. మేం ఇగ మిషన్ ముట్టమన్నం. అయితే ఏమాయె? బొంరాస్‌పేట దిక్కుకెల్లి వేరేటోళ్లను తెచ్చుకున్నడు. వాళ్లకు మూతలు ఇచ్చిండనుకున్నవా? ఊరు దాటినంక అదే మాట చెప్పుకుంట తిరిగిండు, తాగి సచ్చిండని. ఇన్నేండ్లకు గది బస్సుల కూసొని నీ చెవిల వడ్డది. సచ్చినోడు వచ్చి కాదంటడా?

థూ. జర నీళ్లు అందుకో బిడ్డ. ఏందది, మాడు వాసన? పొయ్యి మీద ఏం వెట్టొచ్చినవే? పో, చూడు పో.