కాళేశ్వరం దాకా ఉరికిన గడ్డి మిషన్

యోసేపు ఆ సాయంత్రం డోర్నకల్ స్టేషన్ బయట వనజ చాయ్ కొట్టుకు వచ్చింది చాయ్ కోసం కాదు. తెల్లారితే చర్చి మైదానంలో గడ్డి కోయాలి. ఆదివారం సభలకు వచ్చే జనమంతా ఆ నేల మీదే కూర్చుంటారు. ఎప్పుడూ కొడవలి పట్టే యోసేపుకు ఈసారి పాస్టరుగారు కమలాదేవి ఫంక్షన్ హాల్ నుంచి గడ్డి మిషన్ ఇప్పించారు. వెనకాల నడుస్తూ నడిపే రకం. అది మంగ్యా ట్రాలీ ఆటోలో కొట్టు ముందే ఉంది. "కాలివేళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టే ఇంటికి రా" అని భార్య చంద్రమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పి, సంచిలో పాత బూట్లు పెట్టి మరీ పంపింది. వేళ్ల సంగతి తల్చుకుంటే యోసేపుకు అన్నం సహించడం లేదు.

ఫంక్షన్ హాల్లో ఆ మిషన్ నడిపే రాజమల్లు కొట్టు బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. చర్చి పనికి తనను పిలవలేదని పొద్దుటి నుంచి మూతి ముడుచుకుని ఉన్నాడు.

"అన్నా, గిది ఎట్ల నడపాల్నో జర చెప్పరాదె. నాకు భయమైతంది" అన్నాడు యోసేపు.

భయం అన్న మాట చెవిన పడగానే రాజమల్లు మూతి విచ్చుకుంది.

"భయపడాల్సిందే తమ్మీ. గది అందరికి లొంగేది కాదు. మొన్న దసరాకు పూజ జేసి, కొబ్బరికాయ కొట్టి మొదలువెట్టిన. ఒక చేత్తోని మిషన్, ఒక చేత్తోని చాయ్. చాయ్ సల్లారకముందే హాల్ ముందటి గడ్డంత సాఫ్. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆగుమంటె ఆగలే."

"ఆగలేదా?" యోసేపు ఆటోకు దూరంగా జరిగాడు.

"ఎట్ల ఆగుతది? గడ్డి రుచి మరిగింది. గేటు దాటింది, రోడ్డెక్కింది, రైల్వే గేటు పడి ఉంటె కింది నుంచి దూరి పట్టాల పక్కపొంటి పడ్డది. నేను హ్యాండిల్ ఇడిస్తనా? ఎనక ప్యాసింజర్ బండి ఒకటే హారన్ కొడుతంది, నేను దారి ఇస్తలేను."

"రాళ్లు తగుల్తె ఎట్లన్నా?"

"మంచిగ అడిగినవ్. ఒక కంకరరాయి బ్లేడుకు తగిలి ఎగిరిపోయి సిగ్నల్‌కు తాకింది. ఎర్రగున్నది పచ్చగైంది. గా రైలు గా దినం టైముకు పోయిందంటె నా పుణ్యమే."

రాళ్లు ముందే ఏరెయ్యాలి అనుకున్నాడు యోసేపు. ఇంతసేపటికి పనికొచ్చే ముక్క అదొక్కటే దొరికింది.

ఆటో నడిపే మంగ్యాకు వేరే అనుమానం వచ్చింది. "పెట్రోల్ అన్నా?"

"మానుకోట కాడనే ఒడిసింది. అవుతలికి అలవాటు మీద ఉరికింది. టేకుమట్ల కాడ ఒకాయన పొలం గట్టు మీద పండుకున్నడు. లేపెతందుకు టైం ఏడిది? మీదికెల్లే పోనిచ్చిన. లేచి గడ్డం తడుముకుంటె నున్నగున్నది. మీసం గూడ జర సర్దుమని ఎనకనుంచి ఒకటే మొత్తుకునుడు."

"మధ్యల గడ్డి ఇరుక్కుంటె?" యోసేపు అడగలేక అడిగాడు.

"ఉరుకుతుండంగనే కిందికి చెయ్యి వెట్టి గుంజేసిన."

యోసేపు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"నిన్న పాలగిన్నె తాకి చెయ్యి కాలిందని స్టేషనంత వినంగ మొత్తుకున్నవ్ గదన్నా" అంది వనజ, చాయ్ వడగడుతూ.

"గది మంట వనజా. గిది ధైర్యం. నడుమ మాట్లాడకు. భూపాలపల్లి దాటినం, కాళేశ్వరం వచ్చినం, సక్కగ గోదారిల దిగినం. నీళ్లను గడ్డి కోసినట్టు కోసుకుంట పోతంది. గా పక్క సగం, గీ పక్క సగం. నడుము లోతు నీళ్లల్ల మునుగుతున్నోళ్లు ఒక్కసారే పొడి ఇసుకల నిలవడ్డరు. నాకు దండం పెట్టిండ్రు. నా రెండు చేతులు హ్యాండిల్ మీద ఉండె, తిరిగి పెట్టలేకపోయిన. గా బాధ ఇంక పోలే."

"హ్యాండిల్ ఇడిస్తె అయిపోవు గదన్నా?" అన్నాడు యోసేపు.

"ఇడిస్తె నేను లేకుండనే పోతది! గందుకే చెప్తున్న, నా అసొంటోడు పట్టుకుంటెనే గది మాట ఇంటది. రేపు నువ్వు పట్టుకుంటె, మీ సభలు నది దాటి మహారాష్ట్రల పెట్టుకోవాలె."

యోసేపు లేచి ఆటో దగ్గరికి పోయాడు. కొడవలితో అయితే ఆదివారానికి సగం కూడా తెగదు. దిగులుగా మిషన్ మీద చెయ్యి వేశాడు. హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలతో ఎర్రగుడ్డ బిగించి కట్టి ఉంది. పక్కన అంటించిన బొమ్మ మీద పసుపూ కుంకుమా పట్టించి ఉన్నాయి. బొటనవేలితో మెల్లగా తుడిచి చూశాడు. హ్యాండిల్ కింది కడ్డీని పట్టుకున్న చెయ్యి, తిరుగుతున్న బ్లేడు. పక్కనే కడ్డీ వదిలేసిన చెయ్యి, ఆగిన బ్లేడు.

"అన్నా, గీ కడ్డీ ఇడిస్తె ఆగుతదట, బొమ్మ ఏసిండ్రు. మరి దీన్ని హ్యాండిల్‌కు కలిపి గుడ్డతోని కట్టిందెవలు?"

రాజమల్లు చాయ్ గ్లాసులోకి చూశాడు. "గది పూజ గుడ్డ. ముట్టొద్దు."

"పూజ జేసింది నువ్వేనంటివి గదన్నా" అంది వనజ.

మంగ్యా నవ్వు ఆపుకోలేకపోయాడు. "గట్ల చెప్పు! దసరా నాడు మురికినీళ్ల మోరీల పడ్డ మిషన్‌ను లేపుదాం రమ్మని కమలాదేవమ్మ నన్ను పిలిచిందిలే. హాల్ గేటు గూడ దాటలే గది. నువ్వు గోడెక్కి కూసున్నవ్."

"గోడ మీదికెల్లి తొవ్వ చూస్తున్న" అన్నాడు రాజమల్లు.

యోసేపు గుడ్డను భక్తిగా విప్పి, నిమ్మకాయతో సహా రాజమల్లు చేతిలో పెట్టాడు. మంగ్యాతో కలిసి మిషన్‌ను కొట్టు పక్క గడ్డిలోకి దించాడు. రాళ్లు ఏరాడు. బూట్లు వేసుకుని, అందరినీ దూరం జరగమన్నాడు. కడ్డీ నొక్కి పట్టి తాడు లాగాడు. మిషన్ గుర్రుమంది. రాజమల్లు గ్లాసుతో సహా బల్ల ఎక్కేశాడు.

నాలుగడుగులు నడిచి యోసేపు కడ్డీ వదిలేశాడు. చప్పుడు ఆగిపోయింది. మిషన్ ఉన్నచోటే నిలబడింది. యోసేపు వంగి తన కాళ్లు చూసుకుని పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాడు. చంద్రమ్మకు ఇక భయం లేదు.

వనజ బల్ల వైపు తల ఎత్తింది.

"రాజమల్లన్నా, గోదారి దాటినం. ఇగ దిగు."