పాతిక హార్స్ పవర్ పంతం

అనకాపల్లి ఇంజన్ల షాపులో మొగుడు పాతిక హార్స్ పవర్ ఇంజనును నిమురుతూ కదలడం లేదు. పూడిమడకలో బస్సెక్కింది మొదలు చెప్పిందే చెప్పి పెళ్లాం నోరు నొప్పెట్టింది.

"పదికి మించితే మన పడవ ఎనక్కి కుంగి నీళ్లెక్కుతాదని, కట్టినోడే సెప్పేడు కదా మావా!"

"మీ అన్న పదిహేను పెట్టేడు. నేను పది పెడితే రేవులో తలెత్తుకోగలనేటి?"

"అన్న పడవ మనదానికి రెండింతలుంటాది."

"అందుకే పాతిక. ఆడి ముందునుంచి దూసుకెళ్లిపోవాల!"

"సరే, కొనేసీ. కొత్త ఇంజను కడితే మొదట ఇంటి పెద్దనే కదా ఎక్కించి తిప్పుతాం? రేపు మీయమ్మనెక్కిద్దాం."

"మాయమ్మనా! ముసల్దాన్ని ముంచేద్దామనేటే?"

ఆమె షాపాయన వైపు తిరిగింది.

"బాబూ, పదిది తీయండి."